ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బడిలో సాయం అందనప్పుడు: తల్లిదండ్రులు అనుసరించవలసిన క్రమం

"బోర్డు మీద ఉన్నది వీడు పూర్తిగా ఎక్కించుకోలేకపోతున్నాడు, కొంచెం చూడండి టీచర్ గారూ" అని ఒక తల్లి ఏడాది పొడవునా బడి గేటు దగ్గర చెబుతూనే ఉంటుంది. టీచరు కూడా "అలాగే అమ్మా" అంటూనే ఉంటారు. వార్షిక పరీక్షలు అయిపోయి ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చిన రోజున ఇద్దరి మధ్యా మాట పెరుగుతుంది. "నేను ఎన్నిసార్లు చెప్పానో" అని తల్లి, "మాకు ఏ సమస్యా ఉందని మీరు చెప్పలేదు" అని బడి. ఆ ఏడాదిలో ఎవరు ఏమి అడిగారో, ఎవరు దేనికి ఒప్పుకున్నారో తెలిపే కాగితం ఒక్కటీ ఉండదు. ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలిగా తల్లిదండ్రుల పక్కన కూర్చుని నేను చూసిన వివాదాలలో అధిక భాగం ఇలా మొదలైనవే. మన చట్టం పిల్లల పక్షాన గట్టిగానే నిలబడుతుంది, కానీ నోటిమాటగా అడిగినదానికి అది నిలబడలేదు. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి మెట్టూ ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఏమి అడగాలో తేల్చుకోవడం

"మా అమ్మాయిని బాగా చూసుకోవాలి" అనేది కోరిక. దానికి ఏ బడి అయినా "చూస్తూనే ఉన్నాం కదా" అని జవాబు చెప్పగలదు. "బోర్డు మీద రాసే నోట్సు జిరాక్సు ప్రతిని అదే రోజు ఇవ్వాలి" అనేది అభ్యర్థన. దానికి అవుననో కాదనో చెప్పక తప్పదు. వివాదం పరిష్కారం కావాలంటే మొదట కోరికను అభ్యర్థనగా మార్చుకోవాలి.

ఇది కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే తేలేది కాదు, పిల్లల పుస్తకాలు ముందు వేసుకుని చూస్తే తేలుతుంది. నాలుగో తరగతి చదివే ఒక బాబు సాంఘిక శాస్త్రం నోట్సు నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రతి పేజీలోనూ తేదీ, పాఠం పేరు ముత్యాల్లా ఉన్నాయి, వాటి కింద గీత కూడా స్కేలుతో కొట్టాడు. మూడో వరుస దాటేసరికి అక్షరాలు పెద్దవై, గీత దిగి, ఐదో వరుసలో ఏదో ఒక మాట సగంలో ఆగిపోయింది. పేజీ తరువాత పేజీ అంతే. వాడికి శ్రద్ధ లేదన్న మాట ఆ తేదీలను చూస్తే నిలవదు. రాసే వేగానికీ బోర్డు తుడిచే వేగానికీ పొత్తు కుదరడం లేదన్నది ఆ సగం మాటలే చెబుతున్నాయి. ఆ తల్లి అలాంటి పేజీలు ఎనిమిదింటికి గుర్తులు పెట్టుకుని సమావేశానికి వెళ్లింది. క్లాస్ టీచరు వాటిని మెల్లగా తిప్పి చూసి, "నేను బోర్డు తుడిచేసరికి వీడు ఎక్కడున్నాడో ఇంతవరకు చూడలేదమ్మా" అన్నారు. ఆ సమావేశంలో గొంతు పెంచవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

కనుక రెండు మూడు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసిపెట్టుకోండి: ఏ పనిలో ఇబ్బంది పడుతున్నారు, ఎంతసేపట్లో అలిసిపోతున్నారు, ఏ చిన్న మార్పు చేస్తే పని సాగింది. ఇంట్లో ప్రశ్నను చదివి వినిపిస్తే జవాబు చెప్పగలిగిన పాప, పరీక్షలో అదే ప్రశ్నకు ఖాళీ వదిలేసిందంటే, అడగవలసిన సాయం ఏమిటో అక్కడే తెలిసిపోతుంది. ఈ అభ్యర్థనలు మూడు నాలుగుకు మించకుండా చూసుకోవడం మంచిది.

చట్టంలో ఏముంది, శాతం ఎక్కడ అవసరం

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ఆటిజం, మేధోవైకల్యం, చూపు, వినికిడి, చలన సంబంధమైన వైకల్యాలతో పాటు చదవడంలో, రాయడంలో, లెక్కలలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా అందులో ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచేవే కాక ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులన్నీ ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాట్లు చేయాలని, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవాలని, ప్రతి విద్యార్థి పురోగతిని పరిశీలిస్తూ ఉండాలని 16వ సెక్షను చెబుతుంది. పరీక్షలలో అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెప్పే జవాబులను రాసిపెట్టే సహాయకుడు) సదుపాయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులను 17వ సెక్షను పేర్కొంటుంది. 16వ సెక్షను పదజాలం ప్రభుత్వాలు బడుల చేత ఈ పనులు చేయించడానికి ప్రయత్నించాలి అన్న ధోరణిలో ఉందని, దానిని పట్టుకుని కొన్ని యాజమాన్యాలు తప్పుకోవాలని చూస్తాయని కూడా తల్లిదండ్రులు తెలుసుకుని ఉండాలి. అటువంటప్పుడు వివక్షను నిషేధించే 3వ సెక్షనును కలిపి ఉదహరించండి. ప్రతి దివ్యాంగునికీ సహేతుక సర్దుబాటు అందేలా చూడవలసిన బాధ్యతను ఆ సెక్షను నేరుగా ప్రభుత్వం మీదే పెట్టింది.

ఇక శాతం సంగతి. "మీ బాబుకు 40 శాతం లేదు, కాబట్టి మేము ఏమీ చేయలేం" అన్న మాట వినని తల్లిదండ్రులు అరుదు. ఆ మాట సగమే నిజం. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యాన్ని చట్టం ప్రామాణిక వైకల్యం అంటుంది. 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కుకు (31వ సెక్షను), ఉచిత పుస్తకాలు, ఉపకరణాలకు, ఉపకార వేతనాలకు, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషనుకు ఆ గీత వర్తిస్తుంది. తరగతి గదిలో చేయవలసిన సర్దుబాట్లకు చట్టం ఆ గీత పెట్టలేదు. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరచి చెప్పింది. ప్రామాణిక వైకల్యం లేదన్న కారణంతో, రాయడానికి చేయి సహకరించని అభ్యర్థికి స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. బడికి రాసే ఉత్తరంలో ఈ తీర్పును ఒక్క వాక్యంలో ప్రస్తావించడం వల్ల ఎన్నో వాదనలు మొదటి రోజే ఆగిపోవడం నేను చూశాను.

దీనితో పాటు విద్యాహక్కు చట్టం ఉంది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది, 2012 సవరణతో వైకల్యం గల పిల్లలను స్పష్టంగా తన పరిధిలోకి తెచ్చుకుంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించే ఈ చట్టం ప్రకారం, చేర్చుకునే ముందు పిల్లలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయడం, ఎనిమిదో తరగతి పూర్తయ్యే లోపు బడి నుంచి పంపివేయడం, శారీరకంగా దండించడం, మానసికంగా వేధించడం నిషిద్ధం.

బడికి రాసే ఉత్తరం

ప్రధానోపాధ్యాయుల పేరిట ఉత్తరం రాయండి, ప్రైవేటు బడి అయితే కరస్పాండెంటుకు ఒక ప్రతి ఇవ్వండి. ఒక పేజీ దాటనవసరం లేదు. ఉత్తరం సుమారుగా ఇలా ఉంటే సరిపోతుంది:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, మా కుమార్తె మీ బడిలో ఐదో తరగతి చదువుతున్నది. చదవడంలో ఆమెకు ఇబ్బంది ఉన్నట్లు పరీక్షించిన నివేదిక ప్రతిని జత చేశాము. దివ్యాంగుల హక్కుల చట్టం 3, 16, 17 సెక్షన్ల ప్రకారం ఈ మూడు సర్దుబాట్లు కోరుతున్నాము. ఒకటి, ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టడం. రెండు, పరీక్షలో ప్రశ్నలను చదివి వినిపించడం. మూడు, ప్రతి గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వడం. ఈ విషయం మాట్లాడటానికి పదిహేను రోజుల లోపు ఒక సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా, ఏదైనా సర్దుబాటు సాధ్యం కాదని భావిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము."

చివరి వాక్యాన్ని వదలవద్దు. కారణాన్ని రాసి ఇవ్వమన్నప్పుడు, నోటితో తేలికగా "కుదరదు" అనే యాజమాన్యం కూడా ఒకసారి ఆగి ఆలోచిస్తుంది. రాసి ఇచ్చిందా, పై అధికారి ముందు పెట్టడానికి మీకు ఆధారం దొరికినట్లే. అసలు జవాబే ఇవ్వకపోతే, ఆ మౌనం కూడా ఆధారమే. ఇరవై నిమిషాల లెక్క మనం కల్పించుకున్నది కాదు, రాత పరీక్షల కోసం కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలలో ఉన్నది. దాని ప్రకారం మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా రావాలి.

ఉత్తరం ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఇష్టపడకపోతే వాదించకుండా వచ్చేసి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో, అందినట్లు రుజువు వచ్చేలా పంపండి. తపాలా రసీదును ఉత్తరం ప్రతికి పిన్ను చేసి పెట్టుకోండి. వాట్సాప్ సందేశాలు ఉంటే అవి కూడా పనికివస్తాయి, కాని తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు వేయించండి, ఎందుకంటే ఫోన్లు మారుతాయి, గ్రూపులు రద్దవుతాయి.

సమావేశం

ఒంటరిగా వెళ్లవద్దు. భార్యాభర్తలిద్దరూ వెళ్లడం మంచిది, అది కుదరకపోతే మాట తూలని బంధువు ఒకరిని తీసుకువెళ్లండి. ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్‌పీని, అంటే సమగ్ర శిక్షా కింద పనిచేసే ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులను, సమావేశానికి రమ్మని ముందే అడగవచ్చు. పిల్లవాడిని గురించి వారు చెప్పే మాటకు తరగతి ఉపాధ్యాయులు విలువ ఇస్తారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో పాఠశాల యాజమాన్య కమిటీ కూడా ఉంటుంది, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. వాలుదారి (ర్యాంపు), మరుగుదొడ్డి వంటి భవన సంబంధమైన కోరికలకు ఆ కమిటీ తీర్మానం చాలా ఉపయోగపడుతుంది.

క్లాసులో నలభై మంది పిల్లలున్న ఉపాధ్యాయుల ఇబ్బంది నిజమైనది. దానిని ఒప్పుకుని మాట్లాడటం లొంగిపోవడం కాదు. "మీకు అదనపు పని లేకుండా ఇది ఎలా చేయవచ్చో చెప్పండి" అని అడిగితే, చాలామంది ఉపాధ్యాయులు తామే మార్గం చెబుతారు. నోట్సు జిరాక్సు ఇవ్వడం కుదరదన్న ఒక ఉపాధ్యాయిని, పాఠం అయ్యాక బోర్డును ఫోనులో ఫోటో తీసి పంపుతానని తనంతట తానే అన్నారు. మనం అడిగిన రూపంలోనే సాయం రావాలన్న పట్టుదల అవసరం లేదు, పిల్లవాడి ఇబ్బంది తీరితే చాలు.

ఒప్పుకున్న ప్రతి విషయాన్నీ అక్కడే కాగితం మీద పెట్టించండి. ఎవరు చేస్తారు, ఏ తేదీ నుంచి చేస్తారు, మళ్లీ ఎప్పుడు కూర్చుని చూసుకుంటారు అన్న మూడూ అందులో ఉండాలి. దీనినే పద్ధతిగా రాస్తే వ్యక్తిగత విద్యా ప్రణాళిక అవుతుంది. బడి రాసి ఇవ్వకపోతే, అదే రోజు సాయంత్రం మీరే "ఈ రోజు సమావేశంలో అనుకున్నవి ఇవి, ఏదైనా తేడా ఉంటే తెలియజేయగలరు" అని మెయిలో, ఉత్తరమో పంపండి. పిల్లవాడు మరునాడు ఉదయం అదే తరగతికి వెళ్లి కూర్చోవాలి కనుక, ఆ ఉత్తరంలో నిందలు, పాత సంగతులు ఉండకూడదు. వాడి ఎదుట ఉపాధ్యాయులను గురించి కోపంగా మాట్లాడకపోవడం కూడా అంతే అవసరం. పెద్దల తగవును పిల్లలు తమ తప్పుగా తీసుకుంటారు.

టీసీ మాట, షాడో టీచరు మాట

ఈ రెండింటి దగ్గర తల్లిదండ్రులు ఎక్కువగా నష్టపోతారు. "మీ బాబుకు మా బడి సరిపోదు, వేరే చోట చూసుకోండి" అని మర్యాదగా చెప్పి, టీసీ కోసం దరఖాస్తు మీద సంతకం చేయమంటారు. ఆ సంతకం పడిన తరువాత, బడి పంపివేసినట్లు కాగితం మీద ఎక్కడా ఉండదు, మీరే ఇష్టపడి తీసుకువెళ్లినట్లు ఉంటుంది. అవమానంతో, దుఃఖంతో ఉన్న క్షణంలో సంతకం చేయవద్దు. ఇంటికి వచ్చి, "ఫలానా తేదీన టీసీ తీసుకోమని సూచించారు, మేము మా బిడ్డను ఇదే బడిలో కొనసాగించదలిచాము" అని రాసి పంపండి. ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలైతే విద్యాహక్కు చట్టం 16వ సెక్షనును పేర్కొనండి. బడి మారడమే పిల్లవాడికి మేలు అని మీరు నిజంగా భావిస్తే మారవచ్చు, దానిలో తప్పు లేదు. అయితే ఆ నిర్ణయం మీదై ఉండాలి.

కొన్ని బడులు షాడో టీచరును, అంటే తరగతిలో ఆ ఒక్క పిల్లవాడి పక్కనే ఉండి సాయపడే మనిషిని, తల్లిదండ్రులు సొంత ఖర్చుతో పెట్టుకుంటేనే ఉంచుకుంటామని షరతు పెడతాయి. దివ్యాంగుల చట్టంలో షాడో టీచరు అన్న మాటే లేదు. అందులో ఉన్నది అవసరాన్ని బట్టి అందించవలసిన వ్యక్తిగత సాయం. బడి మీద మోయలేనంత భారం పడకుండా ఉండాలన్న పరిమితి కూడా సహేతుక సర్దుబాటు నిర్వచనంలోనే ఉంది, కనుక బడి ఆ వాదన చేయవచ్చు. కాని ఆ భారం ఏమిటో బడి చూపించాలి, ఊరికే అంటే సరిపోదు. ప్రత్యేక ఉపాధ్యాయుల విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తిని నిర్దేశించింది. కాబట్టి "మీ బడిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారా, మా పిల్లవాడికి వారానికి ఎంత సమయం కేటాయిస్తారు" అని రాతపూర్వకంగా అడగండి. షాడో టీచరు మాట దానికి జవాబు వచ్చాక మాట్లాడుకోవచ్చు.

బడిలో తేలకపోతే

పదిహేను రోజులకో నెలకో జవాబు రాకపోయినా, కారణం లేకుండా నిరాకరించినా, మండల విద్యాధికారికి, అంటే ఎంఈవోకు, అర్జీ ఇవ్వండి. ప్రైవేటు ఉన్నత పాఠశాలలకు నేరుగా జిల్లా విద్యాధికారికి, అంటే డీఈవోకు, ఇవ్వడం మేలు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షను ప్రకారం స్థానిక అధికార సంస్థ ఇరుపక్షాలనూ విని మూడు నెలలలో నిర్ణయం చెప్పాలి, అందుకే అర్జీలో ఆ సెక్షనును తప్పక పేర్కొనండి. కార్యాలయంలో ఇన్‌వార్డు నంబరు వేయించుకోకుండా వెనుదిరగవద్దు. అర్జీకి జత చేయవలసినవి బడికి రాసిన ఉత్తరం, రసీదు, వచ్చిన జవాబు, నివేదికలు, నోట్సు పేజీల జిరాక్సులు. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకూడదు.

నేను తొలి రోజులలో ఒక తల్లికి అర్జీ రాసి పెట్టాను. అందులో రవాణా, ఫీజు, ఒక ఉపాధ్యాయుని దురుసు మాట, పరీక్ష సమయం, బాత్రూము అన్నీ కలిపి నాలుగు పేజీలు రాశాను. అధికారి బడికి వెళ్లి బాత్రూము చూసి, బాగానే ఉందని నివేదిక రాసి ఫైలు మూసేశారు. పరీక్షలకు అదనపు సమయం ఆ ఏడాది రానే లేదు. అప్పటి నుంచి ఒక అర్జీకి ఒకే ప్రధాన విషయం అన్న నియమం పెట్టుకున్నాను. దురుసు ప్రవర్తన, కొట్టడం వంటివి ఉంటే వాటికి వేరే అర్జీ ఇవ్వాలి. పిల్లల మీద హింస జరిగితే ఈ మెట్లేవీ లెక్కించకుండా 1098కి ఫోను చేయాలి.

ప్రతి సోమవారం కలెక్టరేటులలో అర్జీలు తీసుకునే ఏర్పాటు ఉంది. తెలంగాణలో దానిని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. డీఈవో కార్యాలయంలో కదలిక లేనప్పుడు అక్కడ ఇచ్చిన అర్జీ, కలెక్టరు సంతకంతో మళ్లీ అదే కార్యాలయానికి వచ్చి కదులుతుంది. ఫైలు ఏ దశలో ఉందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

రాష్ట్ర స్థాయిలో రెండు తలుపులు

విద్యాహక్కుకు సంబంధించిన విషయమై స్థానిక నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేయవచ్చు. వైకల్యం కారణంగా వివక్ష జరిగినా, సర్దుబాటును నిరాకరించినా రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, సీబీఎస్ఈ బోర్డు వంటి కేంద్ర సంస్థల మీద అయితే ఢిల్లీలోని ప్రధాన కమిషనరుకు పంపాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. సాక్షులను పిలిపించడం, పత్రాలను తెప్పించుకోవడం వంటి విషయాలలో కమిషనరుకు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉన్నాయి.

కమిషనరు ఇచ్చేది సిఫారసు అన్న సంగతి ముందే తెలుసుకుంటే తరువాత నిరాశ ఉండదు. ఆ సిఫారసు మీద అధికారులు తీసుకున్న చర్యను మూడు నెలలలో తెలియజేయాలి. అంగీకరించకపోతే కారణాన్ని కమిషనరుకే కాక బాధితులకూ చెప్పాలని దివ్యాంగుల హక్కుల చట్టం 81వ సెక్షను అంటుంది. నా అనుభవంలో సిఫారసు కంటే ముందే, నోటీసు అందిన వారంలోనే, బడి మాట్లాడుకుందాం రమ్మని పిలవడం ఎక్కువ. అలా పిలిస్తే వెళ్లండి, కాని ఒప్పుకున్నవి కాగితం మీదకు వచ్చి, అమలు మొదలయ్యే దాకా ఫిర్యాదును వెనక్కి తీసుకోవద్దు.

సర్టిఫికెట్టు మీదే తగవు వచ్చినప్పుడు

సదరం (వైకల్య ధ్రువపత్రాల కోసం ప్రభుత్వం నడిపే) శిబిరంలోనో, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్ ద్వారానో వెళ్లి పరీక్ష చేయించుకున్నాక శాతం తక్కువ వేశారనో, దరఖాస్తును తిరస్కరించారనో అనిపిస్తే, దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షను కింద అప్పీలు ఉంది. గడువు రాష్ట్ర నియమాలను బట్టి ఉంటుంది కాబట్టి, నిర్ణయం చేతికి వచ్చిన రోజే ఆసుపత్రిలో అడిగి రాయించుకోండి. మేధోవైకల్యం, ఆటిజం విషయాలలో అప్పీలుకు బలమైన నివేదిక కావాలంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధోవైకల్య సాధికారత సంస్థలో పరీక్ష చేయించవచ్చు. నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. రెండో తరగతి పాపకు పత్రం లేదు కాబట్టి సాయం లేదనే బడికి, ఆ వయసులో పత్రం రాదని, ఇబ్బందిని ముందే గుర్తించవలసిన బాధ్యత దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను ప్రకారం బడికే ఉందని చెప్పాలి.

పబ్లిక్ పరీక్షల వివాదం వేరు

తరగతి గదిలోని తగవుకు కొన్ని నెలలు పట్టినా మిగిలిన ఏడాది ఉంటుంది. పబ్లిక్ పరీక్ష హాలులో పోయిన గంట తిరిగి రాదు. రాయడంలో వైకల్యం ఉన్న ఒక విద్యార్థినికి 2021 నీట్ పరీక్షలో రావలసిన అదనపు గంటను కేంద్రంలో నిరాకరించారు. ఆమెకు అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టు ఆ నవంబరులో స్పష్టంగా చెప్పింది, దిద్దుబాటు ఆలోచించమని పరీక్ష సంస్థను ఆదేశించింది, కాని పరీక్షను మళ్లీ పెట్టించలేదు. అందుచేత పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు పరీక్ష ఫీజు కట్టే సమయానికే స్క్రైబ్, అదనపు సమయం, భాషా మినహాయింపు దరఖాస్తులు ప్రధానోపాధ్యాయుల ద్వారా వెళ్లాయో లేదో అడిగి, పంపిన కాగితం ప్రతి తెచ్చుకోవాలి. అనుమతి ఉత్తరాన్ని హాల్ టికెట్‌తో పాటు పెట్టుకుని, పరీక్షకు రెండు మూడు రోజుల ముందు కేంద్రానికి వెళ్లి చీఫ్ సూపరింటెండెంటుకు చూపించాలి. ఈ ఒక్క ప్రయాణం వల్ల పరీక్ష రోజు ఉదయం తలెత్తే తగవులలో చాలావరకు రాకుండా పోతాయి.

కోర్టు

గడువు ముంచుకువస్తున్నప్పుడో, కమిషనరు సిఫారసును కూడా లెక్కచేయనప్పుడో హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషను వేయవచ్చు. ఖర్చుకు భయపడనవసరం లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. అక్కడి న్యాయవాదికి మీ ఫైలును తేదీల వరుసలో, పైన ఒక పేజీ సారాంశంతో అందిస్తే, తొలి రోజే పని మొదలవుతుంది.

ఆదేశం వచ్చిన తరువాత

ఆదేశమో, సిఫారసో, రాజీ పత్రమో చేతికి వచ్చాక దాని ప్రతిని ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, ఏ తేదీ నుంచి అమలు చేస్తారో రాసి ఇవ్వమని అడగండి. నెల తరువాత పిల్లల నోట్సు మళ్లీ ముందు వేసుకుని చూడండి. సగంలో ఆగిన వాక్యాలు తగ్గాయా, పరీక్ష పేపరులో ఖాళీలు నిండాయా అన్నది పాత పేజీల పక్కన పెట్టి పోల్చండి. తగ్గకపోతే ఆ రెండు పేజీల జిరాక్సులనే జత చేసి, పురోగతి సమీక్షకు సమావేశం కోరుతూ కొత్త ఉత్తరం రాయండి. వేసవి సెలవులలో క్లాస్ టీచరు మారతారు, కాబట్టి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే అంగీకార పత్రం ప్రతిని కొత్త టీచరుకు స్వయంగా అందించి, రెండో ప్రతి మీద సంతకం తీసుకోండి.